ఓల్సనమ్మ తాలూకు వాళ్లు

సోమందేపల్లె,
జనవరి 12.

చిరంజీవి రూతమ్మకు మామ ఐజాక్ దీవించి రాసేది.

ఇక్కడ అందరం ప్రభువు దయవల్ల బాగున్నాము, నా చెవులు తప్ప. మొన్న నువ్వు ఫోన్లో ఏదో అడిగితే నేను "బ్రహ్మాండంగా ఉండాదమ్మా" అన్నాను. తర్వాత మీ అమ్మ సువర్ణ చెప్పింది, నువ్వు అడిగింది నా మోకాలి నొప్పి గురించి అని. ఆర్టీసీలో అన్నేళ్లు కండక్టరు పని చేసి విజిలు ఊదీ ఊదీ చెవులు పోగొట్టుకున్నాను. ఇకమీదట ఉత్తరాలే. నేను కాగితం మీద రాస్తే జిరాక్సు షాపు రవికుమార్ ఫోటో తీసి నీకు పంపుతాడు. నువ్వు పంపింది అచ్చు తీసి నాకిస్తాడు. మధ్యలో వాడు కూడా చదువుతాడు, కాబట్టి పెండ్లి సంబంధాల గురించి ఏమీ రాయవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. హైవే వెడల్పు చేస్తాండారు. మన సమాధుల తోటలో రోడ్డు వైపు వరస పోతుంది. ఎవరి సమాధి వాళ్ల తాలూకు వాళ్లు మే నెలాఖరు లోపల సంతకం పెడితే, లోపలి స్థలానికి మార్చి ఇస్తారంట. ఎవరూ రాకపోతే చదును చేస్తారంట. ఆ వరసలోనే ఓల్సనమ్మ ఉంది.

ఓల్సనమ్మ ఎవరో నీకు గుర్తుందా? మీ అవ్వ సారమ్మను, అంటే మా అమ్మను, పెంచిన నర్సు. పుట్టింది నార్వేలో, పెరిగింది అమెరికాలో, వచ్చి పడింది మన ఎర్రమట్టిలో. మా అమ్మకు మూడేళ్లప్పుడు కలరాలో తల్లి పోతే ఓల్సనమ్మ ఎత్తుకొని సాకింది. మా అమ్మకు ఆరేళ్లు వచ్చేసరికి ఆమె కూడా విషజ్వరంతో పోయింది. ప్రతి నవంబరులో సమాధుల పండగకు మేము ఆమె రాతికి సున్నం కొట్టి పూలు పెడతాము. నువ్వు చిన్నప్పుడు ఆ సున్నం బకెట్లో చెప్పు పడేసినావు.

నేను రోడ్డు పనుల ఆఫీసుకు పోయి, "మాకు తల్లి లాంటిది సార్, నేను పెడతా సంతకం" అన్నాను. "లాంటిది అంటే కుదరదప్పా. రక్తసంబంధం కావాల" అన్నాడు గుమాస్తా. ఆమెను పంపిన అమెరికా మిషను వాళ్లను అడిగిస్తే ఆమె పేరు రాగ్నా ఓల్సన్ అనీ, తల్లిదండ్రులు పోతే అనాథాశ్రమంలో పెరిగిందనీ తప్ప ఏమీ తెలీదన్నారు. నువ్వు ఆ నార్వేలోనే ఉండావు కదా. ఆమె వాళ్లు ఎవరన్నా మిగిలి ఉంటే పట్టుకో తల్లీ. ఆమెను చదును చేస్తే నేను మా అమ్మకు ఏ మొగం పెట్టుకొని చెప్పుకోవాలి?

మీ మామ,
ఐజాక్


బెర్గెన్ దగ్గర, నార్వే,
ఫిబ్రవరి 3.

మామకు రూతు వందనాలు.

నీ చేతిరాత చూడగానే ప్రాణం లేచి వచ్చింది. రవికుమారన్నకు కూడా వందనాలు, ఎలాగూ చదువుతాడు కాబట్టి.

ఇక్కడ మంచు మోకాళ్ల దాకా ఉంది. నేను పనిచేసే ముసలివాళ్ల హోమ్‌లో ఆర్నె అని ఒక తాతయ్య ఉన్నాడు. ఇస్కూలు అయ్యవారుగా చేశాడు. ఇక్కడినుంచి అమెరికాకు వలసపోయిన కుటుంబాలను వెతకడం ఆయనకు పిచ్చి. ఒకప్పుడు ఇక్కడ కూడా తిండికి లేక ఊళ్లకు ఊళ్లు ఓడ ఎక్కాయట మామా. మన కరువు సంవత్సరాల్లో జనం బెంగళూరు బస్సెక్కినట్టే. ఓల్సనమ్మ సంగతి చెప్పగానే ఆయన కళ్లజోడు తుడుచుకొని కూర్చున్నాడు. పేరు చెప్పగానే మళ్లీ తీసి పక్కన పెట్టాడు.

"ఓల్సన్ అంటే ఓలా కొడుకని. ఈ దేశంలో ఓలా కొడుకులు ఎంతమందో దేవుడికే తెలియాలి" అన్నాడు. వీళ్ల అసలు ఇంటిపేరు వాళ్లు సేద్యం చేసే పల్లె పేరే. మనకు పెనుగొండ వాళ్లు, లేపాక్షి వాళ్లు అని ఉన్నట్టు. అమెరికా పోయాక చాలామంది దాన్ని వదిలేసి తండ్రి పేరే తగిలించుకున్నారు. ఆ పల్లె పేరు తెలిస్తే మనిషి దొరుకుతుంది, తెలియకపోతే లేదు.

మామా, ఆ రాయి మీద ఏదో చెక్కి ఉండాలి కదా? సున్నం కింద? కొంచెం గీకి చూడు. కోప్పడకు. ఎండలో టోపీ లేకుండా మాత్రం పోకు.

నీ రూతు


సోమందేపల్లె,
మార్చి 1.

రూతమ్మకు,

నీ జాబు చదివి నాకు బాగా కోపం వచ్చింది. గీకమంటావా? ఆ రాతి మీద ఉండేది ఉత్త సున్నం కాదు. అడుగున ఎక్కడో మా అమ్మ కొట్టింది ఉంది. దాని మీద మా నాయన కొట్టింది, ఆపైన మీ అత్త కొట్టింది. వాళ్లు ముగ్గురూ పోయినారు, సున్నమన్నా మిగిలింది. కొన్ని రోజులు నేను ఆ దిక్కుకే పోలేదు.

తర్వాత, ఇంకో మూడు నెలలుంటే రాయే ఉండదు కదా అని బుద్ధి వచ్చింది. తడిపిన గోనెపట్టాలు కప్పి, మరునాడు కొయ్యముక్కతో నిదానంగా గీకినాను. పెనం మీద దోసె అంచు లేచినట్టు పొరలు పొరలుగా లేచి వచ్చింది. కింద తెలుగు అక్షరాలే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, చదువు.

"మార్తమ్మ. ఆసుపత్రి ఆయా. కలరాలో రోగులకు సేవ చేస్తూ పోయింది. నా చెల్లెలు. ఈ రాయి నిలిపినది రాగ్నా, స్కార్వోల్."

రూతూ, మార్తమ్మ మా అమ్మను కన్నతల్లి. నా అవ్వ.

కలరాలో పోయినవాళ్లను అందరినీ ఒకే గుంతలో వేసినారని మా అమ్మకు ఎవరో చెప్పినారు. ఓల్సనమ్మ పోయినాక అమ్మను ఎక్కడో హాస్టల్లో వేసినారు. పెండ్లయి మళ్లీ ఈ ఊరికి వచ్చేసరికే రాతికి సున్నం దిట్టంగా పట్టి ఉండె, ఇది ఓల్సనమ్మదని ఊరంతా అంటా ఉండె. మా అమ్మ ఏటేటా బ్రష్షు పట్టుకొని ఒకటే మాట అనేది, "నన్ను కన్నది యాడుండాదో తెల్దురా ఐజాకూ, సాకినామెకన్నా ఇంత సున్నం కొడదాము." ఆ మాట అంటూ కన్నతల్లికే కొట్టిందమ్మా. ఎన్ని ఏండ్లు కొట్టిందో. తెలియకుండానే పోయింది.

నేను ఆ రాయి పక్కన కూర్చొని ఏడ్చినాను. సిగ్గేమీ పడటం లేదు, రవికుమార్ చదివినా సరే.

ఇంత మంచి రాయి తెల్లామెదే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆయాకు ఎవరు రాయి పెట్టిస్తారు? మేము ఆ ఆయా బిడ్డలమై ఉండి కూడా మాకు ఆ ఊహ రాలేదు చూడు. అదే నన్ను కోస్తా ఉంది.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఇది మార్తమ్మదైతే మనవడిగా నా సంతకం చాలు, మరి ఓల్సనమ్మ ఎక్కడుంది?

మామ


బెర్గెన్ దగ్గర,
మార్చి 4.

మామా,

డ్యూటీలో చదివాను. మందుల బండి వదిలేసి బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. సారమ్మ అవ్వ బతికి ఉంటే ఈ మాట చెప్పడానికి విమానం ఎక్కి వచ్చేదాన్ని.

స్కార్వోల్ అని చెప్పగానే ఆర్నె తాత "అది నాకు తెలుసు!" అని అరిచాడు. సముద్రం పాయ అవతల కొండ మీది పల్లె. చర్చి లెక్కల్లో ఉంది: ఓలా, అతని భార్య, చిన్నకూతురు రాగ్నా అమెరికాకు పోయారు. పెద్దకూతురు గూడ్రున్ పోలేదు. ఆమెకు కంటిజబ్బు ఉండింది. కంటిజబ్బు ఉన్నవాళ్లను అమెరికా రేవులో దిగనివ్వరట, అందుకని ఆ పిల్లను వాళ్ల అవ్వ దగ్గర వదిలి, నయమయ్యాక పిలిపిస్తామని చెప్పి వెళ్లారు.

ఆ గూడ్రున్ కూతురు బతికే ఉంది మామా! పేరు సునీవా. తొంభై ఒక్క ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు, స్కార్వోల్లో ఒంటరిగా ఉంటుంది. వచ్చే ఆదివారం పోతున్నాను.

నీ రూతు


సోమందేపల్లె,
మార్చి 20.

రూతమ్మకు,

నువ్వు బంగారానివి. నేను కూడా ఊరికే కూర్చోలేదు. మన ఊరి ఆడబిడ్డ బయమ్మ లేపాక్షిలో మనవడి దగ్గర ఉంది. పండ్లు లేవు కానీ నోరు బాగుంది. ఓల్సనమ్మను పూడ్చినప్పుడు ఆమెకు పన్నెండేండ్లంట. బస్సెక్కి పోయినాను.

నన్ను చూడగానే, "యాడోడివప్పా నువ్వు, కరెంటు బిల్లోడివా?" అంది. సారమ్మ కొడుకునని చెప్పి రాయి సంగతి అడిగినాను.

"ఆ రాయి మార్తమ్మది కదా! ఓల్సనమ్మే బండి కట్టించి తెప్పిచ్చె. తాను పోయేటప్పుడు, నాకు రాయీ గీయీ వద్దు, మా చెల్లెలి పక్కన ఇంత మన్ను చాలు అని చెప్పె. ఎడమపక్కన పెట్టినారు. కొయ్య సిలువ నాటినారు. చెదలు తినిపోయింటాది."

"ఈ మాట మా అమ్మకు చెప్పకూడదా అవ్వా?" అన్నాను.

"నాకు పెండ్లి చేసి లేపాక్షికి తోలినాక ఆ ఊరికి నేను పోయిందెప్పుడు? మీరు సున్నం కొడతాండారని నాకెవరు చెప్పినారు?" అని నన్నే తిట్టింది. న్యాయమే.

ఇంకో మాట చెప్పింది. ఓల్సనమ్మ అప్పుడప్పుడూ, "నాకొక అక్క ఉండాది, మొగం గుర్తుకు రాదు" అనేదంట.

రాయికి ఎడమపక్కన నిజంగానే చిన్న దిబ్బ ఉంది. మేము సున్నం బకెట్టు పెట్టుకునేది దాని మీదే. ఆమెను క్షమించమని అడిగి చుట్టూ రాళ్లు పేర్చినాను. సునీవమ్మ ఏమనింది? సంతకం పెట్టిందా?

మామ


బెర్గెన్ దగ్గర,
ఏప్రిల్ 2.

మామకు వందనాలు.

సునీవమ్మ దగ్గరికి పోయి వచ్చాను. ఇల్లు శుభ్రంగా ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. కాఫీ ఇచ్చింది, తీపి అట్లు పెట్టింది. బాగానే మాట్లాడింది. పెద్దామె కదా, కొంచెం టైము కావాలంది. చూద్దాం.

ఇక్కడ మంచు కరుగుతోంది. నువ్వు మాత్రలు వేసుకుంటున్నావా? అమ్మను అడిగానని చెప్పు.

రూతు


సోమందేపల్లె,
ఏప్రిల్ 5.

రూతమ్మకు,

టికెట్టు లేని ప్యాసింజరు నన్ను చూడగానే కిటికీలోంచి బయటికి చూసేవాడు. నీ జాబు నిండా కిటికీ, సముద్రం, మంచు. ఎవర్ని మభ్యపెడతావమ్మా నువ్వు?

ఏమనిందో అనింది అనినట్టు రాయి. నా చెవులకే వినబడదు, మనసుకు బాగానే వినబడుతుంది. ఇంకా రెండు నెలలు కూడా లేదు.

మామ


బెర్గెన్ దగ్గర,
ఏప్రిల్ 9.

మామా,

తప్పయింది. నువ్వు బాధపడతావని రాయలేదు.

ఆమె సంతకం పెట్టనంది. మొదట చాలా సంతోషించింది. అమెరికా పోయినవాళ్ల జాడ కోసం బతుకంతా చూసిందట. వాళ్లమ్మ గూడ్రున్‌కు మొదట్లో రెండు మూడు జాబులు వచ్చి, తర్వాత ఆగిపోయాయి. కళ్లు నయమయ్యాయి గానీ పిలుపు రాలేదు. చచ్చిపోయే ముందు కూడా పోస్టు వచ్చిందా అని అడిగిందట.

నేను రాతి ఫోటో చూపించి, రాసింది చదివి చెప్పాను. అంతే, ఆమె మొహం మారిపోయింది.

"రాతి మీద చెక్కించడానికి స్కార్వోల్ గుర్తుంది. కాగితం మీద రాయడానికి గుర్తు రాలేదా? ఇక్కడ సొంత అక్క ఎదురుచూస్తుంటే, అక్కడ ఎవరినో పట్టుకొని చెల్లెలంటుందా? మా అమ్మను ఆమె మరిచిపోయింది. నేను ఆమెను మరిచిపోతాను. చదును చేసుకోమను."

బయమ్మ చెప్పిన మాట కూడా చెప్పాను, మొహం గుర్తులేదని. "మొహంతో ఏం పని? అడ్రసు గుర్తుంది కదా" అంది. నిజం చెప్పాలంటే ఆమె కోపంలో తప్పు కనిపించలేదు.

బయటికి వచ్చేటప్పుడు నా కోటు గుండీలు ఆమే పెట్టింది, చలి ఉందని. మంచి మనిషి. ఏం చేయను?

రూతు


సోమందేపల్లె,
ఏప్రిల్ 15.

రూతమ్మా, నువ్వేమీ చేయవద్దు. కింద రాసింది ఆమెకు ఆమె భాషలో చదివి వినిపించు. పెంచవద్దు, తుంచవద్దు.

స్కార్వోల్ పెద్దమ్మకు కొడుకు ఐజాక్ నమస్కారం చేసి రాసేది.

పెద్దమ్మా, 'నువ్వు' అంటున్నానని ఏమీ అనుకోవద్దు. మా ఇండ్లలో పెద్దమ్మను 'మీరు' అనము.

ఎవడు వీడు, నేనెప్పుడు వీడికి పెద్దమ్మనైనాను అంటావేమో. మా లెక్క ఇది. తల్లికి అక్కచెల్లెళ్లంతా తల్లులే. వాళ్ల బిడ్డలు తోడబుట్టినవాళ్లే. మీ అమ్మకు రాగ్నా చెల్లెలు. రాగ్నాకు మార్తమ్మ చెల్లెలు, ఆ మాట నేను అనలేదు, ఆమే చెక్కించింది. అప్పుడు నువ్వు, మార్తమ్మ కూతురైన మా అమ్మ సారా అక్కచెల్లెళ్లు. వయసులో నువ్వు పెద్ద. నాకు పెద్దమ్మవు. ఆఫీసు గుమాస్తా ఈ లెక్క ఒప్పుకోలేదు. "రాయి మీద రాస్తే రక్తమవుతాదా అన్నా?" అన్నాడు. వాడు ఒప్పుకోకపోతే నాకేమి?

ఆమె మీ అమ్మకు ఎందుకు జాబు రాయలేదో నాకు తెలీదు. చూసినవాళ్లను అడిగినాను, వాళ్లకూ తెలీదు. లేనిది కల్పించి నిన్ను ఊరడించను. మీ అమ్మ పోస్టు కోసం ఎదురుచూసి పోయింది, మా అమ్మ తల్లి ఎక్కడుందో తెలియక పోయింది. వాళ్లిద్దరిలో ఎవరికి ఎక్కువ అన్యాయం జరిగిందో నేను చెప్పలేను. నీ కోపం నీది, దాన్ని వదులుకోమని అడగను.

నేను ఏం చేయబోతానో మాత్రం చెప్తాను. నువ్వు సంతకం పెట్టకపోతే ఓల్సనమ్మను చదును చేస్తారు. అప్పుడు మార్తమ్మను కూడా నేను కదపను. నా అవ్వ నాకు దొరికి ఎన్ని రోజులు కాలేదు. ఆమెను లోపలి స్థలానికి మార్చుకోవాలని నాకెంత ఆశ ఉందో ఈ పిల్లనడుగు. అయినా ఆమె పక్కనే పడుకుంటానని అడిగి పడుకున్న మనిషిని రోడ్డు కింద వదిలేసి, ఈమెను ఒక్కదాన్నే ఎత్తుకొని పోయేది నా చేత కాదు. ఉంటే ఇద్దరూ, పోతే ఇద్దరూ. ఇది బెదిరింపు కాదు పెద్దమ్మా. నా మనసు ఇట్లా ఉందని చెప్తాండా.

ఆరోగ్యం జాగ్రత్త. ఒంటరిగా ఉండావని రూతు రాసింది. అది నాకు బాగనిపించలేదు.

నీ కొడుకు,
ఐజాక్


స్కార్వోల్,
మే 6.

మామా, ఇది రాసేది నేను, చెప్పేది ఆమె. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కో మాట ఆగి ఆగి చెప్తోంది. నీ జాబు వినగానే నన్ను ఇంటికి పొమ్మంది. నిన్న తనే ఫోన్ చేసి, "ఆ పెద్దమ్మ అనే మాట మళ్లీ ఒకసారి పలుకు" అంది.

ఐజాక్‌కు,

రూతు నీ జాబు చదివింది. బెదిరింపు కాదని రాశావు. బెదిరింపే. పరాయివాళ్లయితే మర్యాదగా ఊరుకుంటారు. ఇలా బెదిరించేది ఇంట్లోవాళ్లే. నన్ను బెదిరించేవాళ్లు అందరూ పోయి చాలా కాలమైంది, అందుకే మొదట నాకు అర్థం కాలేదు.

మా దేశంలో సమాధికి గడువు ఉంటుంది. ఆ తర్వాత తాలూకు వాళ్లెవరూ అడగకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా అమ్మ చోటు కోసం అడిగేది నేనొక్కదాన్నే. నేను పోయాక అక్కడ వేరే పేరు వస్తుంది. ఇన్నాళ్లూ దానికి బాధపడలేదు, అది మా పద్ధతి. నువ్వూ నీ తల్లీ కలిసి, ఎవరిదో సరిగ్గా తెలియని రాతికి ఏటేటా సున్నం కొట్టారని వింటే మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

సంతకం పెట్టాను. కాగితం రూతు పంపుతుంది. ఆమె నీకు ఏమవుతుంది అన్నచోట "అమ్మ చెల్లెలు" అని రాశాను. రాసే ముందు కలాన్ని రెండుసార్లు వేరే కాగితం మీద గీసి చూశాను. సిరా సరిగ్గా రావడం లేదని రూతుకు చెప్పాను. ఆ పిల్ల నమ్మినట్టు లేదు.

సారా ఫోటో ఒకటి పంపు. నాకు ఒక చెల్లెలు ఉండేదని ఈ వయసులో తెలిసింది. ఎలా ఉండేదో చూసుకోవాలి. నువ్వు ఎండలో టోపీ పెట్టుకోవని ఈ పిల్ల ఫిర్యాదు చేసింది. పెట్టుకో.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. రాగ్నా మీద నా కోపం పోలేదు. నేను బతికినన్నాళ్లూ పోదు. మా అమ్మ తరఫున ఆమెను అడగాల్సినవి చాలా ఉన్నాయి, రోజూ పొద్దున కాఫీ తాగుతూ అడుగుతాను. అందుకైనా ఆమె ఒకచోట ఉండాలి కదా. జాగ్రత్తగా ఎత్తి పెట్టించు. ఆ చెల్లెలి పక్కనే.

నీ పెద్దమ్మ,
సునీవా